సెప్టెంబరు మొద్దు

"స్కేట్లు ఎక్కడ పెట్టావో చెప్పు లూబా. మూడోసారి అడుగుతున్నా."

"నాకేం తెలుసు? నేనేమన్నా వాటిని తొడుక్కుని తిరుగుతున్నానా?"

"నీకు తెలుసు. నీ మొహమే చెబుతోంది."

ఒరెస్ట్ గొంతు పెంచే మనిషి కాదు. ఊళ్ళో ఐస్ రింకులో మంచు చదునుచేసే బండి తోలే పని అతనిది. ఇరవై రెండేళ్ళు ఆ బండి రొదలో బతికాక, ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడటం కూడా అతనికి బరువే. అలాంటివాడు ఆదివారం పొద్దున్నే వంటింటి అలమరాలన్నీ బార్లా తెరిచి, గిన్నెలు కింద పడేసి, చీపురుకట్ట వెనక కూడా వెతికాడు.

లూబా బల్ల దగ్గర కూర్చుని, కజ్జికాయల్లాంటి పెరోగీల అంచులు నొక్కుతోంది. ఉడికించిన బంగాళాదుంప ముద్ద మధ్యలో, పిండి పైన. రింకు క్యాంటీన్‌కి ఇరవై డజన్లు ఇస్తానని ఒప్పుకుంది. భర్త ఎంత అరిచినా ఆవిడ వేళ్ళు ఆగలేదు.

మధ్యాహ్నం రెండింటికి ఐస్ హాకీ మ్యాచ్. సెమీఫైనల్లో ఏడోది, ఆఖరిది. చెరి మూడు గెలిచి ఉన్నారు. ఇవాళ ఓడినవాళ్ళకి సీజన్ అక్కడితో సరి. సెప్టెంబరులో లీగు మొదలైనప్పుడు ఊరి జట్టు బ్రెన్నాక్ బ్యాడ్జర్స్ కుర్రాళ్ళు వరసగా ఎనిమిది మ్యాచ్‌లు ఓడిపోయారు. 'క్రిస్మస్ దాటితే బస్సు అమ్మేసుకోండి' అని ఊరు ఊరంతా వెక్కిరించింది. జనవరి నుంచి ఏం పూనిందో, మరి ఆగలేదు. ఆ పూనకం పేరు మైరాన్. కెప్టెన్. పద్దెనిమిదేళ్ళవాడు. లూబాకి ఒక్కగానొక్క కొడుకు.

తొమ్మిది రోజుల కిందట, మూడో మ్యాచ్‌లో, ఎదుటి జట్టు స్టోన్‌ఫీల్డ్ వాడొకడు వెనకనుంచి వచ్చి మైరాన్ని గోడకేసి కొట్టాడు. తల ముందు తగిలింది. తర్వాతి మూడు మ్యాచ్‌లూ వాణ్ణి బయట కూర్చోబెట్టారు. శుక్రవారం తల పరీక్ష పెట్టారు. పాసయ్యాడు. ఇవాళ ఆడొచ్చన్నారు. ఊరంతా పండగ చేసుకుంది, లూబా తప్ప.

"నాన్నా, దొరికాయా?" కింద బేస్‌మెంట్ నుంచి మైరాన్ కేక.

"దొరుకుతాయిరా. మీ అమ్మకి బుద్ధి రానీ."

ఒరెస్ట్ వెనక వరండాలోకి వెళ్ళాడు. పెద్ద ఫ్రీజర్ మూత లేచిన చప్పుడు లూబాకి వినిపించింది. సంచులు ఒకదాని మీదొకటి నేలకేసి పడ్డాయి. కాసేపటికి అతను గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో గడ్డకట్టిన స్కేట్లు.

"ఫ్రీజర్లోనా! దుప్పి మాంసం కిందా!"

లూబా ఇంకో పెరోగీ అంచు నొక్కింది.

"స్కేట్లు దాస్తే మ్యాచ్ ఆగుతుందటే పిచ్చిదానా? ఊళ్ళో స్కేట్లకేమన్నా కరువొచ్చిందా? మైరాన్‌కి కావాలంటే వీధిలో ఇరవైమంది కాళ్ళు ఊడబీక్కుని మరీ ఇస్తారు."

"వాడికి బాగాలేదు ఒరెస్ట్."

"బాగుందని జొయాన్ అంటోంది. జట్టుకి ఫిజియో నువ్వా, ఆవిడా?"

"మొన్న కుక్కని బడ్డీ అని పిలిచాడు. బడ్డీ పోయి నాలుగేళ్ళయింది."

"నేనూ పిలుస్తాను ఒక్కోసారి."

"నిన్న అన్నం ముందు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఒకే మాట మూడుసార్లు అడిగాడు."

"పరీక్ష పాసయ్యాడే!"

"అదొక పరీక్షా! దొంగ పరీక్ష!"

ఆ మాట నోరుజారి వచ్చేసింది. లూబా పెదవి కరుచుకుంది. కానీ ఒరెస్ట్ వినేశాడు. స్కేట్లు బల్ల మీద, పిండిలోనే పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

"దొంగ పరీక్ష అంటే?"

ఇక దాచి లాభం లేదు.

సీజన్ మొదట్లో, తలకి ఏ దెబ్బా తగలకముందే, జట్టులో ప్రతివాడి చేతా కంప్యూటర్ మీద ఓ పరీక్ష రాయిస్తారు. పది మాటలు చూపించి గుర్తుపెట్టుకోమంటారు, బొమ్మలు మార్చి మార్చి చూపిస్తారు, చటుక్కున మీట నొక్కమంటారు. తర్వాత దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. రెండూ సరిపోలితే తల బాగున్నట్టు. ఇందులో కిటుకు కుర్రాళ్ళకి తెలియనిది కాదు. మొదటిసారే కాస్త తక్కువ రాస్తే, తర్వాత బుర్ర తిరిగిపోయి ఉన్నా పాసైపోవచ్చు. 'సెప్టెంబరులో మొద్దు, మార్చిలో ముద్దు' అని డ్రెస్సింగ్ రూములో సామెత కూడా కట్టుకున్నారు వెధవలు.

"వాడు కావాలని తప్పులు రాశాడా?" అన్నాడు ఒరెస్ట్.

"ఊఁ."

"ఎవరు నేర్పారు? ఆ పెద్ద కుర్రాళ్ళేనా? పేరు చెప్పు, వాడి కాళ్ళు విరగ్గొడతా."

"నేనే."

పొయ్యి మీద నీళ్ళు మరిగి మూత ఎగిరెగిరి పడుతోంది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

"కిందటేడు గుర్తులేదా నీకు?" అంది లూబా చివరికి. "తలకి దెబ్బని ఆరువారాలు ఆడనివ్వలేదు. కింద చీకట్లో పడుకుని అన్నం మానేశాడు. 'ఆట లేకపోతే నేనెవర్నమ్మా' అన్నాడు ఒకరోజు. ఆ మొహం నువ్వు చూడలేదు, నేను చూశాను. మళ్ళీ అలా చూడలేనని... పరీక్ష ముందురోజు చెప్పాను. మూడు నాలుగు మాటలు మర్చిపోయినట్టు రాయరా, మరీ ఎక్కువ వద్దు, కంప్యూటర్ కనిపెట్టేస్తుంది అని. వాడికి తోచలేదు ఒరెస్ట్. నేనే చెప్పాను."

ఒరెస్ట్ తల వంచుకుని స్కేటు మీద మంచు గోకుతూ కూర్చున్నాడు.

"ఇంకెవరికి తెలుసు?"

"నీకు, నాకు, వాడికి."

"అయితే అక్కడితో ఆపు."

"ఒరెస్ట్!"

"ఆపమన్నానా! ఒక్క మ్యాచ్. అరవై నిమిషాలు. ముప్ఫయి ఒక్క ఏళ్ళుగా ఈ ఊరు ఫైనల్ మొహం చూడలేదు. నువ్వెళ్ళి నోరు విప్పావంటే వాణ్ణి మోసగాడంటారు. నిన్నేమంటారో నేను చెప్పక్కర్లేదు."

"వాడి తలకి మళ్ళీ దెబ్బ తగిలితే?"

ఒరెస్ట్ లేచి స్కేట్లు తుడిచి హీటర్ మీద ఆరబెట్టాడు.

మెట్ల మీద మైరాన్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. సూటు వేసుకున్నాడు. మ్యాచ్ రోజు జట్టు కుర్రాళ్ళందరూ సూటూ టైలతోనే రింకుకి వెళ్ళాలి. పైన నల్లకళ్ళద్దాలు.

"నువ్వే కదమ్మా రాయమన్నావు," అన్నాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. "ఇప్పుడు నువ్వే అడ్డుపడితే ఎలా?"

"తప్పు చేశాన్రా."

"తప్పైతే నెల్లాళ్ళాగి చెప్పుకుందాం. చర్చిలో ఫాదర్‌కి చెప్పుకో. జొయాన్‌కి మాత్రం చెప్పకు. ఎవరికీ చెప్పనని మాటివ్వు."

"మైరాన్..."

"మాటివ్వమ్మా."

వాడి చెయ్యి ఆవిడ భుజం మీద పడింది. అంత పెద్ద చెయ్యి, పసివాడి బరువుతో.

"సరే," అంది లూబా.

*

ఒంటిగంటకే రింకు నిండిపోయింది. జనం పొద్దున్నే వచ్చి బెంచీల మీద దుప్పట్లు పరిచి సీట్లు ఆపుకున్నారు. క్యాంటీన్లో వేయించిన ఉల్లిపాయల వాసన. క్యాంటీన్ నడిపే మార్లీన్ నూనె చేతులతోనే లూబాని కౌగిలించుకుంది.

"నీ కడుపు చల్లగుండ! ఇవాళ ఊరి పరువు నిలబెట్టేది నీ కొడుకే. మా ఆయన రాత్రి నిద్రపోతే ఒట్టు. మా మావగారు పోయినప్పుడు కూడా హాయిగా గుర్రుపెట్టాడు."

లూబా నవ్వబోయింది, రాలేదు.

"ఏమైంది, అలా ఉన్నావ్?"

"ఏం లేదు. ఇవి లోపలికిచ్చి వస్తా." ఒక పళ్ళెంలో పెరోగీలు పెట్టుకుని కారిడార్లోకి నడిచింది. ప్రతి మ్యాచ్‌కీ జొయాన్‌కీ కోచ్‌కీ లూబా ఓ పళ్ళెం ఇస్తుంది. అది అలవాటే. ఇవాళ అటు వెళ్ళకూడదని తెలుసు, కాళ్ళు అటే వెళ్ళాయి.

డ్రెస్సింగ్ రూము తలుపు ఓరగా తీసి ఉంది. రేడియో మోగుతోంది. మైరాన్ తన కొక్కెం కింద కూర్చుని స్కేటు కట్టుకుంటున్నాడు.

కుడిది.

ఎడమ కాలు ఇంకా మేజోడుతోనే ఉంది.

ఆరో ఏట మొదటిసారి మంచు మీదికి దిగిన రోజు నుంచీ వాడికి ఎడమ స్కేటే ముందు. ఒకసారి ఒరెస్ట్ తొందరలో కుడిది ముందు కడితే, విప్పించి, బయటికెళ్ళి, మళ్ళీ లోపలికొచ్చి మొదట్నించీ కట్టించుకున్నాడు. జ్వరమొచ్చినా, చెయ్యి విరిగినా, తాత శవం ఇంట్లో ఉన్నా సరే. హాకీ ఆడేవాడు తల లేకుండా మంచు మీదికి దిగుతాడేమోగాని ఇలాంటివి తప్పడు. అలాంటివాడు కుడి స్కేటు బిగించి, ముడేసి, ఎడమది చేతిలోకి తీసుకుని, అదేమిటో తెలియనట్టు కాసేపు చూశాడు.

లూబా వెనుదిరిగి జొయాన్ గది తలుపు తోసింది.

*

"వాడు సెప్టెంబరులో కావాలని తప్పులు రాశాడు," అంది లూబా. పళ్ళెం ఇంకా చేతిలోనే ఉంది. "నేనే రాయమన్నాను. నువ్వు వాణ్ణి ఆడనివ్వకు."

జొయాన్ టేపు చుట్ట పక్కన పెట్టింది. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బస్సులో బడికి వెళ్ళినవాళ్ళు.

"ఇంకోసారి చెప్పు."

లూబా చెప్పింది. రెండోసారి ఇంకా కష్టమైంది.

"ఆ కాగితం మీద సంతకం నాది లూబా! ఆ పిల్లాడికేమన్నా అయితే నేను చంపినట్టే కదా! మొన్న శుక్రవారం నా ఎదురుగా నిలబడి థాంక్స్ చెప్పావు. కౌగిలించుకున్నావు కూడా."

"అవును."

"నీకు నోరెలా వచ్చింది?"

"రాలేదు. అందుకే థాంక్స్ చెప్పాను."

కోచ్ డెల్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మ్యాచ్‌కి ఇంకో నలభై నిమిషాలుంది. అరవై దాటిన మనిషి, మొహం ఎర్రబడింది.

"తల్లులందరూ ఏడో మ్యాచ్ రోజే ఏదో ఒకటి మొదలుపెడతారు," అన్నాడు. "ఏమ్మా, భయమేస్తే వాకిట్లో నిలబడి ప్రార్థన చేసుకో. నా కెప్టెన్ జోలికి రాకు."

"వాణ్ణి పిలవండి," అంది జొయాన్.

మైరాన్ స్కేట్లతో టకటకలాడుతూ వచ్చాడు. తల్లిని చూడగానే వాడికి అర్థమైపోయింది.

"అబద్ధం కోచ్. అమ్మకి భయం. పొద్దున్న నా స్కేట్లు ఫ్రీజర్లో దాచింది, నాన్నని అడగండి. పరీక్ష నేను బాగానే రాశాను. రెండుసార్లూ."

డెల్ చేతులు చాచాడు, చూశావా అన్నట్టు. జొయాన్ నోరు తెరిచేలోపల లూబా అడిగింది.

"ఇందాక ఏ స్కేటు ముందు కట్టావురా?"

"ఇదేం ప్రశ్న! ఎడమది. ఎప్పుడూ అంతే కదా."

డెల్ మెల్లిగా వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. ఒక్క నిమిషంలో పదేళ్ళు పైబడినట్టు కనిపించాడు.

"కుడిది కట్టావురా," అన్నాడు. "నేను చూశాను. ఏడో మ్యాచ్ కదా, అదృష్టం మార్చుకుంటున్నాడనుకున్నా."

"లేదు కోచ్. ఎడమదే."

"చూశాన్రా అబ్బాయ్."

మైరాన్ కిందికి తన కాళ్ళవైపు చూసుకున్నాడు. అవే జవాబు చెబుతాయన్నట్టు. జొయాన్ వాడి చేతిలోని హెల్మెట్ తీసుకుంది. వాడు వదల్లేదు. మళ్ళీ లాగింది. ఈసారి వదిలేశాడు.

"లూబా, విను," అంది జొయాన్, మొహం చూడకుండా. "వీణ్ణి రేపటిదాకా కనిపెట్టుకుని ఉండు. వాంతైనా, మాట తడబడినా, మతిమరుపు ఇంకా ఎక్కువైనా, నాకు ఫోన్ చేస్తూ కూర్చోకు. తిన్నగా సిటీ ఆసుపత్రికి తీసుకెళ్ళు. మైరాన్, సూటు వేసుకో."

*

ఆడని కుర్రాళ్ళు సూటుతో పైన కూర్చుని చూడాలి. అది ఆనవాయితీ. మైరాన్ మూడోవరసలో చివర ఒంటరిగా కూర్చున్నాడు. వాడి ఆట చొక్కా డ్రెస్సింగ్ రూములో కొక్కేనికి అలాగే వేలాడుతోంది, కెప్టెన్ గుర్తు 'సి' అక్షరంతో సహా. లూబా వాడికి పదడుగుల దూరంలో కూర్చుంది. వాడు దగ్గరికి రానివ్వలేదు.

సంగతి ఎలా పాకిందో పాకింది. ఇంటి గుట్టు దాచడానికి బ్రెన్నాక్‌లో గోడలు చాలా పలచన. మొదటి విరామానికే పక్క బెంచీ వాళ్ళు దుప్పటి తీసుకుని అవతలికి జరిగారు. "కన్నతల్లేనా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు, వినపడేలాగానే.

ఒరెస్ట్ మంచు చదునుచేసే బండి ఎక్కి చుట్లు కొట్టాడు. ప్రతి చుట్టుకీ లూబా ముందునుంచే వెళ్ళాలి. ఎనిమిది చుట్లు తిరిగాడు. ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు.

రెండు రెండుతో సమానంగా నిలిచి, అదనపు ఆటలో ఒక్క గోలుతో ఓడిపోయారు. కెప్టెన్ నిలబడాల్సిన చోట ఎవరూ లేక ఆ రబ్బరు బిళ్ళ, పక్, గోల్లోకి జారిపోయింది. అలా అని అందరూ అన్నారు. నిజమే కావచ్చు. సీజన్ అయిపోయింది. కుర్రాళ్ళు మంచు మీద మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చారు. పెద్దవాళ్ళు దుప్పట్లు మడిచారు. క్యాంటీన్లో మార్లీన్ మిగిలిన పెరోగీల ట్రే లూబా చేతికిచ్చింది.

"ఎవరూ కొనలేదు," అంది. అంతే అంది.

ఒరెస్ట్ ఇంటికి రానన్నాడు. రింకులో పనుందట. సీజన్ అయిపోయిన రింకులో ఏం పనుంటుంది?

దారిపొడుగునా మైరాన్ మాట్లాడలేదు. ఇంటిముందు ట్రక్కు ఆగాక తలుపు మీద చెయ్యి వేసి అన్నాడు:

"మాటిచ్చావు."

"ఇచ్చాను."

"నేను చచ్చేదాకా ఇది మర్చిపోను."

"నువ్వు బతికుంటే చాలురా. మర్చిపోకపోయినా ఫరవాలేదు."

"గొప్పగా చెప్పావులే," అని తలుపు విసిరికొట్టి, తిన్నగా కిందికెళ్ళి పడుకున్నాడు.

లూబా మెట్ల మీదే కూర్చుంది. అరగంటకోసారి దిగి ఊపిరి చూసి వచ్చింది. కొడుకు బతికి ఉన్నందుకు సంతోషించాలి. సంతోషం రాలేదు. వాడు రేపు లేచి మాట్లాడతాడా, ఎల్లుండి మాట్లాడతాడా, ఏనాటికైనా అమ్మా అని పిలుస్తాడా అని లెక్కలు వేసుకుంటూ కూర్చుంది. ఒక్క మంచిమాట వింటే చాలు, ఇంకేమీ అడగనని మొక్కుకుంది.

బయట వెలుగు బూడిదరంగుకి తిరిగింది. మార్చి చివర, పొద్దువాలే వేళ.

"అమ్మా!"

లూబా ఉలిక్కిపడి లేచింది. మైరాన్ మెట్లెక్కి వస్తున్నాడు. నలిగిన సూటు సర్దుకున్నాడు. టై కొత్తగా కట్టుకున్నాడు. తల తడిపి దువ్వుకున్నాడు. మొహంలో కోపం ఛాయలైనా లేవు.

"లేపలేదేం? టైమెంత?"

"ఏడు."

"అమ్మయ్య, ఇంకా బోలెడు టైముంది. ఆకలి దంచేస్తోంది. ఓహో, పెరోగీలు!" ట్రేలోంచి చల్లారినవే తీసి నోట్లో వేసుకున్నాడు. "నీ చేత్తో చేసినవి తింటే గెలిచినట్టే. నాన్న అప్పుడే రింకుకి వెళ్ళిపోయాడా?"

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, సిగ్గులేని సంతోషం ముంచుకొచ్చింది లూబాకి. కొడుకు మాట్లాడుతున్నాడు. నవ్వుతున్నాడు. తర్వాత వాడు కొత్తగా కట్టుకున్న టై మీద చూపు పడింది.

"మైరాన్, ఇవాళేమిటి?"

"ఇవాళేమిటేమిటి? ఏడో మ్యాచ్! నాకంటే నీకే కంగారెక్కువలా ఉందే."

"పద. బయల్దేరదాం."

"ఇప్పుడేనా? రెండింటికి కదా."

"తొందరగా వెళ్దాం. పద నాన్నా."

వాడు బ్యాగు భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని, ఈలవేస్తూ ట్రక్కెక్కాడు. లూబా తాళం తిప్పింది. వీధి దీపాలు వెలుగుతున్నాయి. వాడు చూస్తున్నాడు గాని అడగలేదు.

"అమ్మా."

"ఊఁ."

"ఆ పరీక్ష సంగతి. నువ్వెవరికీ చెప్పలేదు కదా?"

"లేదురా."

"నాకు తెలుసు. నువ్వు చెప్పవు," అన్నాడు మైరాన్. చెయ్యి చాచి తల్లి చెయ్యి మీద వేశాడు.

నాలుగురోడ్ల కూడలి వచ్చింది. ఎడమవైపు రింకు. కుడివైపు హైవే, గంటన్నర దూరంలో సిటీ, ఆసుపత్రి. లూబా కుడివైపు తిప్పింది.

మైరాన్ వెనక్కి తిరిగి చూసి ఫక్కున నవ్వాడు.

"తలకి దెబ్బ తగిలింది నాకా, నీకా అమ్మా? రింకు అటు కదా!"